కాటా మేస్త్రి కూతురి అంకెలు

కాటా మేస్త్రి దగ్గర దొంగ తూకం దాచడం ఎవరి తరమూ కాదు. కాటాలు బాగుచెయ్యడం, తూకం సరిచూడడం ఆయన పని. బజారులో నలభై కొట్లుంటే నలభై మందికీ ఆయనంటే హడలే. కాటా మీద చెయ్యి వెయ్యకముందే కొట్టువాడి మొహం చూసి, "ఏం బాబూ, కిలోకి ఎంత మింగుతోంది నీ కాటా? నలభై గ్రాములా, యాభయ్యా?" అని అడిగేవాడు. వాడు నీళ్లు నమిలేలోగా పళ్లెం కింద అతికించిన సీసం ముక్కని ఊడబీకి వాడి చేతిలోనే పెట్టేవాడు. "కాటా అబద్ధం చెప్పదురా. దానికి నోరెక్కడిది? దాని చేత చెప్పించేది మనిషే" అన్నది ఆయన ముప్పై ఏళ్లుగా పాడుతున్న పాట.

అంతటి మొనగాడు సొంత ఇంట్లో రెండేళ్ల పాటు దొంగ అంకెలు చదివి, భేషుగ్గా ఉన్నాయని సంతకాలు పెట్టాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడ్డట్టు! నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆయన మాత్రం నవ్వలేదు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు చేతికందిందల్లా బుగ్గన పెట్టుకుని తిరిగేదని ఉడుత అన్నారు, పద్నాలుగేళ్లొచ్చినా ఆ పేరు పోలేదు. పదో ఏట ఉడుతకి షుగరు జబ్బు వచ్చింది. పెద్దవాళ్లకొచ్చే రకం కాదు, పిల్లలకొచ్చే రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది, రోజుకి నాలుగుసార్లు సూదితో ఎక్కించుకోవాల్సిందే. మందు ఎక్కువైతే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి, తక్కువైతే పెరిగిపోయి ఒళ్లు బరువెక్కుతుంది. వేలు పొడిచి మీటరులో చూసుకోవడం, పెన్నులాంటి సూదితో మందు వేసుకోవడం, పుస్తకంలో అంకె రాసుకోవడం, పదకొండో ఏటికల్లా అన్నీ ఆ పిల్ల తనే చేసుకునేది. తల్లిది నూలు మిల్లులో మొదటి షిఫ్టు, తెల్లారకముందే వెళ్లిపోతుంది. పొద్దున పూట ఇంట్లో మిగిలేది తండ్రీ కూతురే.

ఒకప్పుడు ఉడుత బడి వదలగానే సరాసరి కొట్టుకే వచ్చేది. కొట్టంటే పెద్దదేం కాదు. ఒక పొడుగాటి బల్ల, గోడకి వేలాడే పళ్లేలు, స్ప్రింగులూ మరలూ పోసిన డబ్బాలు, నూనె మరకల గుడ్డలు. బల్ల చివర స్టూలెక్కి నోరు తెరిచిందంటే మళ్లీ కొట్టు కట్టేసే వేళకే మూసేది. "నాన్నా, ఈ లెక్క రెండు దార్లలో చెయ్యొచ్చు, టీచరు చెప్పింది చుట్టుదారి." "నాన్నా, నాకు అర మార్కు అన్యాయంగా కోశారు, రేపెళ్లి దెబ్బలాడతా చూడు." కళ్లు మూసుకుని, తూకం రాయి అరచేతిలో పెట్టించుకుని, "రెండు వందలు. కాదు కాదు, రెండు వందల యాభై" అనేది. తప్పయితే తప్పు రాయిదనేది. "నీకు నోరిచ్చిన దేవుడు దానికి బిరడా ఇవ్వడం మర్చిపోయాడే" అని మేస్త్రి విసుక్కునేవాడు. ఉత్తుత్తి విసుగది. దారిన పోయేవాళ్లకి వినబడాలని కాస్త గట్టిగానే విసుక్కునేవాడు.

ఆ గోల ఆగిపోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఉడుత బడి నుంచి ఇంటికే పోతుంది. వచ్చీ రాగానే చెంబెడు నీళ్లు గటగటా తాగుతుంది, ఇంకో చెంబెడు తాగుతుంది, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఏదైనా అడిగితే "ఊఁ" అంటుంది, మళ్లీ అడిగితే కసురుకుంటుంది. లెక్కల్లో తొంభైలు దాటే మార్కులు డెబ్బైలకి దిగాయి, అరవైలకి దిగాయి, మొన్న నలభై ఎనిమిది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, "ఆ జబ్బు మెల్లిగా బుర్రని తినేస్తుందటగా" అని, పక్క గదిలో పిల్ల ఉందన్న ఇంగితం కూడా లేకుండా అనేసి పోయారు. అలాంటి నోళ్లు సూదీదారం పెట్టి కుట్టెయ్యాలి.

దూరాన ఉన్నవాళ్ల మీద బెంగ పెట్టుకోవడం అందరూ ఎరిగిందే. ఫోను చెయ్యొచ్చు, బస్సెక్కి పోయి చూసి రావచ్చు. అదే గదిలో, రెండు బారల దూరంలో, గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల మీద బెంగ పుడితే ఏ బస్సెక్కాలి? మేస్త్రి సాయంత్రాలు పని ఆపి బల్ల చివరి ఖాళీ స్టూలు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. ఎవరైనా దాని మీద కూర్చోబోతే "కాలు విరిగింది, కూర్చోకు" అనేవాడు. దాని కాళ్లు నాలుగూ బాగానే ఉన్నాయి.

ఆయనకి ఊరట ఒక్కటే, ఆ షుగరు పుస్తకం. ఇంటికి రాగానే తెరిచి చూసేవాడు. నూట పన్నెండు, నూట పద్దెనిమిది, నూట ఇరవై ఒకటి. ముత్యాల్లాంటి అంకెలు. తనిఖీ చేసిన కాటాకి ముద్ర వేసినట్టు పేజీ చివర సంతకం పెట్టి, "చూశావా, జబ్బు మన చెప్పుచేతల్లోనే ఉంది" అని భార్యతో అనేవాడు. మరి చదువెందుకు కుంటుతోందో ఇద్దరికీ అంతు పట్టేది కాదు.

ఏడాది చివరి పరీక్షలు నెల రోజులున్నాయనగా లెక్కల టీచరు కబురు పెట్టింది. ముక్కుసూటి మనిషి. "తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదండీ. ఈసారి లెక్కల్లో డెబ్బై అయిదు రాకపోతే మీ అమ్మాయిని రెండో సెక్షనులో వేస్తారు. అక్కడ తేలిక లెక్కలే చెబుతారు, పెద్ద లెక్కల చదువు వైపు ఇక దారుండదు. ఇలాంటి పిల్ల నాకు మళ్లీ తగల్లేదు, నాకూ బాధే. కానీ ఒంట్లో బాగోని పిల్ల నెత్తిన అంత బరువెందుకు చెప్పండి?"

ఉడుత పక్కనే నిలబడి అంతా విన్నది. బడి గేటు దాటాక వీధి మలుపులో ఆగి, "నాన్నా, నేను మొద్దునైపోయానా?" అని అడిగింది.

"ఛ, అవేం మాటలు!" అన్నాడు మేస్త్రి. అన్నాడు గాని, ఆ మాట రావలసిన వేళకి రాలేదు, ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యాన్ని పిల్ల చూసింది. పిల్ల చూసిందని ఆయనా చూశాడు.

ఆ వారమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది, మూడు నెలలకోసారి వెళ్లేదే. ఇన్నాళ్లూ పుస్తకం చూసి పంపేసేది, ఈసారి రక్తం కూడా పరీక్ష చేయించింది. ఆమె ఒక చేతిలో రక్త పరీక్ష కాగితం, ఇంకో చేతిలో ఉడుత పుస్తకం పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూసింది. బరువు చూసుకు రమ్మని పిల్లని బయటికి పంపింది. "మూడు నెలల సగటు చాలా ఎక్కువుందండీ. పుస్తకం చూస్తే అంతా బంగారం. రెండిట్లో ఏదో ఒకటి తప్పు. షుగరు అంత పైన ఉంటే పిల్లకి చదువెలా ఎక్కుతుంది? కళ్లు మసకబారతాయి, దాహం, మాటిమాటికీ బాత్రూముకి పరుగు, బుర్ర మీద దుప్పటి కప్పినట్టుంటుంది. తెలివి ఎక్కడికీ పోదు. దుప్పటి తియ్యాలి, అంతే."

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మా పిల్ల అబద్ధం రాయదు. ఆ మీటరే తప్పు చూపిస్తూ ఉండాలి. పరికరాలు నా పని, నేను చూసుకుంటాను."

"చూసి నాకూ చెప్పండి" అంది డాక్టరమ్మ ఏమాత్రం నొచ్చుకోకుండా. మీటరుని పరీక్షించే మందునీళ్ల సీసా కూడా చేతికిచ్చింది.

చూశారా మనిషి బుద్ధి! ముప్పై ఏళ్లు నోరు లేని కాటా మీద నింద పడనివ్వనివాడు, తనదాకా వచ్చేసరికి నోరు లేని మీటరు మీదికి తోసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉడుత పడుకుని ఉండగా మీటరూ పుస్తకమూ పట్టుకుని కొట్టుకి వెళ్లాడు. మందునీళ్ల చుక్క వేశాడు. సీసా మీద రాసి ఉన్న అంకెల మధ్యకే వచ్చింది. ఇంకోసారి వేశాడు. మూడోసారీ అంతే. మీటరుకి ఏ రోగమూ లేదు. సరే లోపలేముందో చూద్దామని మీటలు నొక్కుతుంటే పాత అంకెలు బయటికి రావడం మొదలెట్టాయి, రోజుతో, వేళతో సహా. ఆదివారం నూట ముప్పై నాలుగు. సోమవారం పదకొండు గంటలకి మూడు వందల పన్నెండు. మంగళవారం రెండు వందల తొంభై. పరీక్ష ఉన్న రోజు మూడు వందల అరవై ఏడు. పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నాడు. అదే సోమవారం, అదే పదకొండు గంటలు: నూట పద్దెనిమిది. కింద తన సంతకం.

నిజం అంకెలకి నిలకడ ఉండదు. ఒకే రాయిని పదిసార్లు తూచినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. అన్నీ బుద్ధిగా వరసలో కూర్చున్నాయంటే ఎవరో కూర్చోబెట్టారన్నమాటే. ఈ ముక్క బజారంతా చాటిన మనిషి కూతురి దస్తూరీ చూసి మురిసిపోయి అసలు సంగతి చూడలేదు.

అప్పుడే మీటరు వెతుక్కుంటూ ఉడుత కొట్టు గుమ్మంలోకి వచ్చింది. బల్ల మీద రెండూ పక్కపక్కన ఉండడం చూసి అక్కడే ఆగిపోయింది.

"రెండేళ్లు!" అన్నాడు మేస్త్రి. ముందు కోపమే వచ్చింది మరి. "రెండేళ్లు నా చేత సంతకాలు పెట్టించావు. ఆదివారాలన్నీ బాగున్నాయి, బడి ఉన్న రోజల్లా మూడు వందలు! మందు తగ్గించి వేసుకుంటున్నావా? ఎందుకే? నొప్పా? నలుగురిలో సిగ్గా? చెప్పవేం?"

"నువ్వేగా మాట తీసుకున్నావు" అంది ఉడుత నేల చూస్తూ.

"నేనా? ఏం మాట?"

"పడిపోనని."

మేస్త్రికి వెంటనే గుర్తురాలేదు. తర్వాత మెల్లిగా గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఇలాంటి పెద్ద పరీక్షే. పొద్దున సూది వేసుకుని, హడావుడిలో సరిగ్గా తినకుండా వెళ్లింది పిల్ల. లెక్కల పరీక్ష సగంలో షుగరు పడిపోయి, చెమటలు పట్టి, కాగితం నిండా ఏడు ఏడు ఏడు అని రాసుకుంటూ పోయి, బెంచీ మీద నుంచి జారి కింద పడింది. కబురందుకుని మేస్త్రి భుజాన తూకం రాళ్ల సంచీతోనే పరిగెత్తుకెళ్లాడు. నోట్లో గ్లూకోజు పోశాక పిల్ల కళ్లు తెరిచింది. అంతవరకూ బిగబట్టుకున్న మనిషి ఇక ఆగలేకపోయాడు. క్లాసు పిల్లలందరూ చూస్తుండగా తల బాదుకుంటూ భోరుమన్నాడు. "నీకేమన్నా అయితే నేను బతకను తల్లీ. ఇంకెప్పుడూ ఇలా పడిపోనని మాటివ్వు. నా చేతిలో చెయ్యేసి చెప్పు" అన్నాడు. పన్నెండేళ్ల పిల్ల, ఇంకా వణుకుతున్న చెయ్యి తండ్రి చేతిలో వేసి, "పడిపోను నాన్నా" అంది. ఏడుపులో అడిగిన మాట ఏడుపుతోనే ఆయనకి మరుపున పడింది. ఇచ్చిన పిల్ల మాత్రం మర్చిపోలేదు.

"మందు పూర్తిగా వేసుకుంటే ఎప్పుడైనా పడిపోవచ్చు నాన్నా. తగ్గించుకుంటే పడిపోను. మొదట్లో పరీక్ష రోజునే తగ్గించేదాన్ని. తర్వాత టీచర్లు చెప్పకుండా పరీక్షలు పెట్టడం మొదలెట్టారు, అందుకని రోజూ..." ఉడుత గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది. "లెక్క నాకు తెలుస్తూనే ఉంటుంది. సగం చేశాక మొదలెక్కడో మర్చిపోతాను. బోర్డు కనబడదు. ఒక్కోసారి ఏడుపొస్తుంది నాన్నా, ఇదివరకటిలా ఒక్కరోజు లెక్కలు చెయ్యాలనిపిస్తుంది. అయినా పడిపోలేదుగా. ఒక్కసారి కూడా పడిపోలేదు."

ఆ ఆఖరి మాటలో కాస్త గర్వం ఉంది. మేస్త్రి తన పిల్లని ఇన్నాళ్లూ దూరం చేసింది జబ్బు అనుకున్నాడు. జబ్బుకి అంత బలం ఎక్కడిది?

"ఆ మాట నాకొద్దు తల్లీ" అన్నాడు. "వెనక్కి తీసేసుకుంటున్నాను. మందు పూర్తిగా వేసుకో. దిగుతున్నట్టుంటే చెయ్యెత్తు, గ్లూకోజు బిళ్లలు తిను, ఆగు. అయినా పడిపోతే పడిపో. లేపడానికి మనుషులం లేమా?"

"నువ్వు మళ్లీ అలా ఏడుస్తావు. అందరూ చూస్తారు."

"ఏడవను. ఒట్టు. ఏడవను."

ఉడుత నమ్మిందో లేదో తెలియదు. "సరే" అని మీటరు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం సంగతంతా విని భార్య ఆయన్ని దులిపేసింది. "మనిషివా మానువా! జ్వరం రానని ఎవరైనా మాటిస్తారా? పిల్ల దగ్గర అలాంటి మాట తీసుకోడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?" అంది. తర్వాత తనూ కూర్చుని ఏడ్చింది, ఇంట్లో ఉండి కూడా చూసుకోలేకపోయానని. మర్నాడే డాక్టరమ్మని కలిశారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. మందు కొలతలు మార్చి, పరీక్ష పూట ఏం తినాలో, బిళ్లలు ఎన్ని తినాలో, తిన్నాక పావుగంట ఎందుకాగాలో ఉడుతకే చెప్పింది.

పది రోజులు పోయాక మేస్త్రి లెక్కల టీచరు దగ్గరికి వెళ్లాడు. "పరీక్షలో షుగరు దిగితే పిల్ల ఆగి కూర్చోవాల్సి వస్తుంది టీచరమ్మా. ఆ ఆగిన కాసేపూ చివర్లో ఇప్పించండి."

"అందరికీ మూడు గంటలేనండీ. ఒకరికి ఎక్కువిస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా?"

"పళ్లెం కింద సీసం ముక్క ఉంటే తీసేసి తూస్తామమ్మా. అది ఎక్కువ తూచినట్టు కాదు, సరిగ్గా తూచినట్టు."

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నేను ఒక్కదాన్ని చెప్పగలిగేది కాదు. పైన అడిగి చూస్తాను" అంది. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

ఈ నెల రోజుల్లో అద్భుతాలేం జరిగిపోలేదు. ఇంట్లో రెండుసార్లు షుగరు దిగింది. రెండుసార్లూ ఉడుత భయపడి, మర్నాడు మందు తగ్గించి, పుస్తకంలో మాత్రం నిజం రాసింది: రెండు వందల ఎనభై. మేస్త్రి ఆ అంకె చూసి నోరు మెదపకుండా సంతకం పెట్టాడు. మెల్లిమెల్లిగా గోడ వైపు తిరిగి పడుకోవడం తగ్గింది. పరీక్ష రోజు పొద్దున పిల్ల సూది పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. పెన్ను మర తిప్పి మందు ఎంత పెట్టుకుందో చూడాలని మేస్త్రికి ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. చెప్పులు వెతుక్కుంటున్నట్టు పెరట్లోకి పోయాడు.

బడి బయట సైకిళ్ల షెడ్డు కింద మూడు గంటలు కూర్చున్నాడు. గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ బయటికొచ్చారు, ప్రశ్నపత్రాలు ఊపుకుంటూ, జవాబులు అరుచుకుంటూ. అందరూ వచ్చేశారు. ఉడుత రాలేదు. మేస్త్రి వరండా దాకా పరిగెత్తి, ఎదురొచ్చిన పిల్లని ఆపి, "ఉడుత ఏదమ్మా? మా ఉడుత?" అన్నాడు.

"లోపల ఉందండీ. ఇంకా రాస్తోంది" అని ఆ పిల్ల వెళ్లిపోయింది.

కిటికీలోంచి చూశాడు. బెంచీలన్నీ ఖాళీ. మధ్య వరసలో ఉడుత ఒక్కతే, వంగి, పెదవి కొరుకుతూ రాసేస్తోంది. పక్కన చింపిన బిళ్లల కాగితాలు. కుర్చీలో లెక్కల టీచరు గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఎవరూ మేస్త్రిని చూడలేదు. ఆయనా పిలవలేదు, కిటికీ చువ్వ పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు.

మార్కుల కోసం మీరు ఆత్రపడుతున్నారని తెలుసు, చెప్పేస్తాను. డెబ్బై ఎనిమిది. ఒకప్పటి తొంభైలు కావు, అవి మళ్లీ వస్తాయో రావో కూడా తెలియదు. సెక్షను మాత్రం నిలిచింది. కానీ ఆ కబురు వచ్చింది నెల తర్వాత. ఆ రోజు వరండాలో మేస్త్రికి అవేమీ తెలియవు.

పావుగంట గడిచాక ఉడుత బయటికొచ్చింది. జుట్టంతా చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. "యాభై ఎనిమిదికి దిగింది నాన్నా. చేతులు వణికాయి. చెయ్యెత్తాను. బిళ్లలు తిన్నాను, తగ్గాక రాశాను. ఆఖరి లెక్క సగమే అయింది, అది నాకు బాగా వచ్చు నాన్నా, ఇంకో రెండు నిమిషాలుంటే..." ఆగి ఆయన మొహంలోకి చూసింది. "అదిగో! ఏడవనన్నావు! ఒట్టేశావు!"

మేస్త్రి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ వస్తున్నాయి. "ఒట్టేశాను గానీ... అది నా చేతిలో ఉందా తల్లీ?"

"మరి నాది నా చేతిలో ఉందనుకున్నావా?"

ఉడుత కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. చుట్టూ ఇంకా పిల్లలు నిలబడే ఉన్నారు, టీచరు కాగితాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అనుకున్నానమ్మా" అన్నాడు కాటా మేస్త్రి, అందరికీ వినబడేలా. "తప్పు తూచాను."